చిన్నారి చేతులకు చేయూత: ఆక్యుపేషనల్ థెరపీ మన దాకా వచ్చిన వైనం



మొదటి తరగతిలో గుణింతాలు దిద్దించే మీకు ఇటువంటి పిల్లలు తారసపడే ఉంటారు. వారికి అక్షరం తెలుసు. అడిగితే వేలితో చూపుతారు, స్పష్టంగా పలుకుతారు. పలక మీద మాత్రం సున్న చుట్టలేరు, తలకట్టు నిలపలేరు. బలపాన్ని పిడికిట బిగించి పట్టుకుంటారు. చొక్కా గుండీ పెట్టుకోవడమూ, అన్నం కలుపుకొని తినడమూ వారికి కష్టమే. మనం "సోమరి" అనో, "ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, అందుకే వెనుకబడ్డాడు" అనో సరిపెట్టుకుంటాము. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో ఈ రెండవ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. ఆ మాట చాటున విలువైన ఏళ్ళు గడిచిపోతాయి.

ఇటువంటి పిల్లలకు సాయపడే విద్య ఒకటి ఉన్నది. అదే ఆక్యుపేషనల్ థెరపీ. అది ఎక్కడ పుట్టి, ఎలా మన దేశానికి వచ్చి, నేడు మన ఊళ్ళకు ఎంత చేరువైనదో తెలుసుకుంటే, దానిని వెదుక్కునే దారి కూడా తెలుస్తుంది.

పేరు వెనుక అర్థం

ఈ విద్యను తెలుగులో కొందరు "వృత్తి చికిత్స" అంటారు. ఆ మాట విన్న తల్లిదండ్రులు ఇదేదో పెద్దవారికి పని నేర్పే శిక్షణ అనుకుంటారు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి రోజంతా చేసుకునే పనులన్నీ. పసివాడి పనులేమిటి? ఆడుకోవడం, తినడం, బట్టలు తొడుక్కోవడం, పెద్దయ్యాక వ్రాయడం. ఆ పనులు బిడ్డ తనంతట తాను చేసుకోగలిగేటట్లు చేయడమే ఈ చికిత్స లక్ష్యం.

పుట్టిన చోటు

1917లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరిలో కొద్దిమంది సమావేశమై ఈ విద్యకు ఒక సంఘాన్ని స్థాపించారు. వారిని ఆహ్వానించిన జార్జి బార్టన్ వైద్యుడు కాడు, భవన శిల్పి. వ్యాధుల వలన ఒక వైపు శరీరం చచ్చుబడగా, చేతిపనుల ద్వారా కోలుకున్న అనుభవం ఆయనది. అర్థవంతమైన పనిలో చేతులు నిమగ్నమైతే మనసు, శరీరం రెండూ కుదుటపడతాయన్నది వారి నమ్మకం. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల సేవలో ఈ విద్య వేగంగా వ్యాపించినది.

పసిపిల్లల వైపు దృష్టి తర్వాత మళ్ళినది. లండన్‌లో బెర్తా బోబాత్, కారెల్ బోబాత్ దంపతులు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కదలికలను చక్కదిద్దే పద్ధతిని రూపొందించారు. అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో వెలువరించిన గ్రంథంలో, స్పర్శ, సమతౌల్యం, కండరాల కదలిక వంటి అనుభూతులను మెదడు సరిగా కూర్చుకోలేనప్పుడు చదువులో ఇబ్బందులు రావచ్చునని ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంపై పండితులలో నేటికీ చర్చ సాగుతున్నది. అయినా పిల్లవాడి తడబాటును సోమరితనంగా చూడరాదన్న ఎరుకను కలిగించడంలో ఆమె కృషి గొప్పది.

మన దేశంలో

అమెరికాలో పుట్టిన ఎలిజబెత్ లండీ భారతీయుని వివాహమాడి కమలా నింబ్కర్ అయినారు. స్వదేశంలో ఈ విద్యను అభ్యసించి తిరిగి వచ్చి, 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు. ఆసియాలో అదే మొదటిదని చెబుతారు. ఆ ఆసుపత్రి ఉన్న పరేల్, దాని చెంతనున్న వర్లీ బట్టల మిల్లుల ప్రాంతాలు. తెలుగు పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువుకై వచ్చి స్థిరపడినదీ ఆ చుట్టుపక్కలనే. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడినది; అదే ఏడాది వెలసిన ప్రపంచ సమాఖ్యకు మన సంఘం వ్యవస్థాపక సభ్యురాలు.

దక్షిణాన, చిత్తూరు సీమను ఆనుకొని ఉన్న వేలూరులో మరొక అధ్యాయం నడచినది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి, వడ్రంగం వంటి పనుల ద్వారా ఆ చేతులకు మళ్ళీ పనితనం నేర్పించారు. ఆయన శిష్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదానికి గురై చక్రాల కుర్చీకి పరిమితమైనా, ఆ కుర్చీ నుండే వైద్యం కొనసాగించారు. 1966లో ఆరంభమైన అక్కడి పునరావాస సంస్థ ఆమె కృషి ఫలమే.

పిల్లల కొరకు తలుపులు తెరచిన వారిలో తల్లులు ముందున్నారు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కుమార్తె కోసం పోరాడిన మిథూ అలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను నెలకొల్పారు. 1985లో మద్రాసులో పూనమ్ నటరాజన్ ఆరంభించిన సంస్థ నేడు విద్యాసాగర్ అనే పేరుతో ప్రసిద్ధం. ప్రభుత్వం పక్షాన 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వెలసినది. దానినే ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. 2005లో చెన్నై సమీపాన ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఏర్పడినది. ఒడిశాలో కటక్ సమీపాన ఒలట్‌పూర్‌లోని జాతీయ సంస్థ ఈ విద్యలో పట్టా చదువులు కూడా నడుపుతున్నది.

జిల్లా దాకా

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ చరిత్రలో పెద్ద మలుపు. దాని ప్రకారం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలో లోపం కనబడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. బిడ్డ ప్రైవేటు బడిలో చదువుతుంటే ఆ బృందం రాదు. కన్నవారే చొరవ తీసుకొని వెళ్ళవలసి ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందే వైకల్యాలను 7 నుండి 21కి పెంచి, ఆటిజాన్ని, అభ్యసన వైకల్యాలను కూడా చేర్చినది. 2021 జూన్‌లో సున్న నుండి ఆరేళ్ళ పిల్లల కొరకు 14 సత్వర చికిత్సా కేంద్రాలు ప్రారంభమైనవి. సికింద్రాబాదు, చెన్నై, కటక్, ముంబయి, నెల్లూరు వాటిలో ఉన్నవి.

మీరు చేయవలసినది

తొమ్మిది నెలలు దాటినా ఆనుకోకుండా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నర నిండినా నడవకపోవడం, ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేతిని వాడి రెండవ చేతిని ముడుచుకొని ఉండటం, వచ్చిన విద్య మరచిపోవడం — ఇవి కనబడితే "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ఊరుకోకండి. పిల్లల వైద్యునికి చూపి, జిల్లా ఆసుపత్రిలో సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడో అడగండి. మెదడు వేగంగా ఎదిగే తొలి ఏళ్ళలో మొదలుపెడితే మేలు ఎక్కువ. అయితే ఆరేళ్ళు దాటిన బిడ్డకు దారి మూసుకుపోయినట్లు కాదు.

ప్రైవేటు కేంద్రానికి వెళ్ళితే, చికిత్స చేసేవారికి ఆక్యుపేషనల్ థెరపీలో పట్టా ఉన్నదా అని నిస్సంకోచంగా అడగండి. కొన్ని వారాలలో పూర్తిగా నయం చేస్తామనే వారిని నమ్మకండి. ఏ పని కొరకు ఈ సాధన, ఇంట్లో మేమేమి చేయాలి అన్న రెండు ప్రశ్నలకు మంచి థెరపిస్టు తప్పక బదులు చెబుతారు.

చివరిగా మన భాష మాట. రెండు మూడు భాషల మధ్య పెరగడం వలన బిడ్డ చేతులకు తడబాటు రాదు. కనుక "ఇంట్లో తెలుగు మానేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడి ఒప్పుకోకండి. బిడ్డను లాలించే భాషలోనే ఇంటి సాధన సాగుతుంది. పరీక్ష కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో జరిగితే, బిడ్డ ఇంట్లో మాట్లాడేది తెలుగని ముందే చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోవడమూ, పని చేతకాకపోవడమూ వేరని వారికి తెలియాలి.

ఉపాధ్యాయులుగా మీ వంతు సాక్ష్యం ఇవ్వడం. గుండీ, బలపం, ముద్ద, మెట్లు — వీటిలో ఏది చేయగలడో, ఏది చేయలేడో ఒక కాగితం మీద తేదీలతో వ్రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. వైద్యునికి అది ఎంతో ఉపకరిస్తుంది. చికిత్స సాగుతుండగా తరగతిలో ఇసుకలో వేలితో దిద్దించండి; గవ్వలు, అచ్చనగండ్లు, వామనగుంటలు ఆడించండి. అవి చికిత్సకు బదులు కావు, సాధనకు తోడు మాత్రమే. అంతవరకు ఆ బిడ్డ తెలిసిన అక్షరాన్ని నోటితో చెబితే, పూర్తి మార్కులు వేయండి.