పట్టాలు రాని ఊరికి రైలు చరిత్ర

మా ములుగునకు రైలు లేదు. పడమట కాజీపేట నుండి పెద్దపల్లి, రామగుండముల మీదుగా బల్హార్షాకు పోవు మార్గమును, దక్షిణమున వరంగల్లు, డోర్నకల్లుల మీదుగా విజయవాడకు పోవు మార్గమును, దానినుండి చీలి బొగ్గుగనుల జాడ పట్టుకొని కొత్తగూడెము, మణుగూరుల దాక పోయిన శాఖయును మా అడవులను చాచిన రెండు చేతులవలె చుట్టుకొని యున్నవే గాని, ఆ చేతుల నడుమ ఇనుపపట్టా యొక్కటియు పడలేదు. అయినను మా ఊరి చరిత్ర రైలుతో గాఢముగా పెనవేసికొని యున్నది. ఆ పెనవేతను కన్నులార చూడగోరువాడు చీకటి విచ్చకముందే సైకిలెక్కి కాజీపేట దారి పట్టవలెను.

ఊరు విడువగానే గట్టమ్మ గుడి వచ్చును. మేడారమునకు పోవువారు తొలి మ్రొక్కు చెల్లించునది ఈ తల్లికే గనుక, సైకిలు దిగి నమస్కరింపక ముందుకు సాగుట మాకు అలవాటు లేదు. జాకారము, మల్లంపల్లి దాటిన పిమ్మట, వానకాలమున పొంగి రహదారిని సైతము ముంచెత్తు కటాక్షపురము చెరువు మీది చల్లగాలి ఎదురుగా వచ్చి ప్రాణమునకు హాయి గొల్పును. గూడెప్పాడు చేరునప్పటికి ఎండ ముదురును. మా మిరపయు పత్తియు ఏనుమాముల మార్కెట్టునకు తరలు దారి యిదే. ఏబది కిలోమీటర్లకు మించని ఈ త్రోవ వరంగల్లున మా ఊరి పేరే పెట్టుకొన్న ములుగు రోడ్డు కూడలిని చేరును.

హనుమకొండ మీదుగా పోయి, ఫాతిమానగరు వంతెన మీద సైకిలు నిలిపినచో క్రింద పట్టాలు కనబడును. హైదరాబాదు నుండి వచ్చునది, విజయవాడకు సాగునది, ఢిల్లీ దిక్కునకు మరలునది, ఈ మూడు మార్గములును కాజీపేటకడ కలిసికొనుట ఒక్కనాటి కార్యము కాదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వచ్చిన నిజాము రైలు 1886 నాటికి ఓరుగంటికిని, 1889 నాటికి బెజవాడకును చేరినది. ఎల్లందు బొగ్గు లేకున్నచో ఆ పట్టాలు ఇంత త్వరగా తూర్పునకు సాగియుండెడివి కావని నా దృఢాభిప్రాయము. కాజీపేట–బల్హార్షా మార్గము 1929లో పూర్తియై, మద్రాసునకును ఢిల్లీకిని నేరుగా దారి ఏర్పడినది. మా పాలంపేట రామప్పగుడిని గూర్చి గులాం యజ్దానీ రచించిన గ్రంథము 1922లో వెలువడిన నాటికి ఉత్తరదేశపు యాత్రికునకు ఆ దగ్గరిదారి యింకను తెరవబడలేదన్నమాట.

ఇంజనుల ప్రక్కలపై వ్రాసిన షెడ్డు పేర్లను చదువుట నాకు తీరని ముచ్చట. లాలాగూడ, విజయవాడ, ఈరోడు, ఘాజియాబాదు, తుగ్లకాబాదు: ఎక్కడెక్కడి ఇంజనులో మన కాజీపేట ఇంజనులతో కలిసి ఈ మూడు పట్టాల మీదనే తిరుగుచుండును. బొగ్గు నింపుకొన్న గూడ్సుబండి కడపటి పెట్టె కనుమరుగగువరకు నేను కదలను. దానిలోని నల్లబంగారము మాకు ఇరుప్రక్కల నున్న గనులలోనిదే కదా! ఆవిరియింజనుల పొగను చూచిన పెద్దలు ఈ విద్యుత్తు బండ్లలో అందము లేదందురు. పెట్టెల వరుసను ఏ ఆర్భాటమును లేక ఈడ్చుకొనిపోవు ఈ బలమందును గంభీరమైన అందము కలదని నేను వారితో వాదించుచుందును.

తిరుగుప్రయాణమున కాళ్లు సహకరింపకున్నచో సైకిలును బస్సు పైకప్పునకు కట్టించి వచ్చుటయు కలదు. అదియు రైలుకు దూరమైన ప్రయాణము కాదు. 1932 జూన్‌లో నిజాము రైల్వేయే 27 బస్సులతో రోడ్డురవాణాకు పూనుకొనినది. నేటి మన ఆర్టీసీకి మూలము ఆ శాఖయే. పట్టా పడని ఊళ్లను రైలుస్టేషనుతో కలుపు పనిని బస్సు నాటినుండి నేటివరకు చేయుచునే యున్నది. రెండేండ్లకొకమారు మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతరకై వరంగల్లు, కాజీపేటలకు ప్రత్యేక రైళ్లు నడచుటయు, వానినుండి దిగిన జనము బస్సులలో మా ఊరి మీదుగా మేడారమునకు వెల్లువెత్తుటయు మేము కన్నులార చూచుచున్నదే.

రామగుండము నుండి మణుగూరునకు ఈ అడవిసీమ గుండ రైలుమార్గము వేయవలెనను ప్రస్తావన చాలకాలముగ నున్నది. 2019లో జిల్లాకేంద్రమైన మా ఊరికి ఆ రైలు రావలెను. అయితే 1213లో రేచర్ల రుద్రుడు రామప్పగుడి కట్టించిన నాటినుండి పేరెన్నికగన్న ఈ సీమలో రామప్ప, లక్నవరము చెరువులకు నీరు చేర్చు వాగులకు ఆ రైలుకట్ట అడ్డుపడరాదు. మేడారపు జనము దిగుటకు అనువైన స్టేషను ఒకటి తొలి నక్షాలోనే గుర్తింపబడవలెను.