కథల్లో కనికరం లేని మనిషి: సంఘవ్యతిరేక వ్యక్తిత్వ పాత్రల చిత్రణ

విజయనగర, మదురై నాయకరాజుల కాలంలో తెలుగు కుటుంబాలు అనేకం దక్షిణానికి తరలి, మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడినవి. బడిలో తమిళం చదివి ఇంట్లో తెలుగు పలికే ఈ పల్లెల నుండి మంచి కథకులు వచ్చారు. వారి కథలలో దొంగ, మోసగాడు, హంతకుడు కనిపించడం సహజం. వారిలో ఎవరిని మానసిక రుగ్మత గలవానిగా చూపవచ్చు, ఎవరిని చూపరాదు అన్నది కథ వ్రాయబూనినవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

రుగ్మత లక్షణాలు

ఇతరుల హక్కులను, బాధలను లెక్కచేయని నడత చిన్ననాటి నుండి జీవితమంతా కొనసాగితే దానిని వైద్యులు సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథం మూడవ కూర్పులో ఈ పేరు స్థిరపడింది. 2013 నాటి అయిదవ కూర్పు ఏడు లక్షణాలను పేర్కొన్నది.

1. మాటిమాటికి చట్టాన్ని ఉల్లంఘించడం
2. స్వలాభానికో వినోదానికో అబద్ధమాడడం, మోసగించడం
3. ముందువెనుకలు చూడని తొందరపాటు
4. చీటికిమాటికి కోపం, కొట్లాట
5. తన ప్రాణానికి, ఇతరుల ప్రాణానికి తెగించిన నిర్లక్ష్యం
6. పనిలోను, అప్పుల విషయంలోను బాధ్యత లేకపోవడం
7. చేసిన కీడుకు పశ్చాత్తాపం లేకపోవడం

వీటిలో కనీసం మూడు 15 ఏళ్ల వయసు నుండి కనిపిస్తూ ఉండాలి. 15 ఏళ్లు నిండక మునుపే తీవ్రమైన దుష్ప్రవర్తన ఉన్నట్టు ఆధారం ఉండాలి. 18 ఏళ్లు నిండనివారికి ఈ పేరు పెట్టరాదు. కనుక అల్లరి పిల్లవానిని ఈ రోగిగా చూపిన కథ మొదటనే తప్పుతుంది.

రెండు పొరపాట్లు తరచు జరుగుతుంటాయి. నలుగురిలో కలవక ఒంటరిగా ఉండేవానిని సంఘవ్యతిరేకి అనుకోవడం మొదటిది. ఈ రుగ్మత గలవారిలో కలుపుగోలుగా మాట్లాడి ఆకట్టుకొనేవారు కూడా ఉంటారు. దీనిని పిచ్చిగా భావించడం రెండవది. ఈ రుగ్మత వలన లేని గొంతులు వినబడవు, మతి చలించదు. తాను చేస్తున్నది ఏమిటో ఆ మనిషికి తెలుసు. సినిమాలలో వాడే సైకో అన్న మాట ఈ తేడాలన్నిటిని చెరిపివేసింది.

ఈ సీమ కథలలో మూడు పాత్రలు

కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో నడిపిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో నామక్కల్ రామలింగం పిళ్లై నవల ఆధారంగా తమిళంలో మలైక్కళ్లన్, తెలుగులో అగ్గిరాముడు చిత్రాలను తీశారు. కథానాయకుడు దొంగగా పేరుపడినవాడు. అయినా పేదల కష్టం అతనికి తెలుసు, మాటకు కట్టుబడతాడు. చట్టం దాటినంత మాత్రాన ఈ రుగ్మత ఉన్నట్టు కాదనడానికి ఇతడు మంచి ఉదాహరణ.

కోవిల్పట్టి సమీపాన ఇడైసేవల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టి, తమిళంలో వ్రాసిన కి. రాజనారాయణన్ 1976లో గోపల్ల గ్రామం నవల వెలువరించారు. దక్షిణానికి వలసవచ్చిన తెలుగువారి కథ అది. దాని కొనసాగింపు గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మొదటి నవలలో, నీళ్లు త్రాగడానికి చెరువులో దిగిన గర్భిణిని ఒక దొంగ నగలకోసం నీటిలో అణచి చంపుతాడు. ఆమె అతని కాలి బొటనవ్రేలిని పంటితో పట్టి విడువకుండానే ప్రాణం వదులుతుంది. ఊరు అతనికి కొరత శిక్ష వేస్తుంది. ఆ చేత ఎంత ఘోరమైనదైనా, ఆ ఒక్కదానిని బట్టి రుగ్మతను నిర్ణయించలేము. ఆకలి, పేరాశ, పట్టుబడతానన్న భయం కూడా మనిషిచేత అట్టి పని చేయించగలవు. అతని బాల్యం, అంతకు మునుపటి నడత, అటు తరువాతి పశ్చాత్తాపం తెలిస్తేనే ఒక మాట చెప్పవచ్చు.

నాటి మదురై జిల్లాలోని అల్లినగరంలో పుట్టిన భారతిరాజా 1978లో తీసిన సిగప్పు రోజాక్కళ్, తెలుగులో ఎర్ర గులాబీలు పేరిట వచ్చింది. అందులో పైకి పెద్దమనిషిగా మెలగే వ్యాపారి ఇంటిలో స్త్రీలను హత్య చేస్తాడు. నలుగురు మెచ్చే ముఖం వెనుక నిర్దయను చూపడం ఆ చిత్రం బలం. అయితే కారణమంతటిని చిన్ననాటి అన్యాయంలో వెదకడం దాని బలహీనత. వంశపారంపర్యంగా వచ్చిన స్వభావం, బాల్యంలో హింస, ఆలనాపాలనా లేమి వంటివి కలిసి ఈ రుగ్మతకు దారితీస్తాయని పరిశోధకుల అభిప్రాయం. అట్టి బాల్యం గడిపినవారిలో అధికులు ఇలా మారరు.

పుట్టుదొంగ అనే ముద్ర

ఈ జాగ్రత్త కథాశిల్పానికి మాత్రమే సంబంధించినది కాదు. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులన్న భావంతో ఆంగ్ల ప్రభుత్వం 1871లో నేరజాతుల చట్టం చేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. మదురై ప్రాంతపు పిరమలై కళ్లర్లు వ్రేలిముద్రలు వేసి, పోలీసుల వద్ద హాజరు పలుకవలసి వచ్చింది. దానిని ఎదిరించిన పెరుంగామనల్లూరు గ్రామస్థులపై 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. ఒక స్త్రీతో సహా పదహారుమంది మరణించినట్టు చెబుతారు. తెలుగునాట ఎరుకలవారిని స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచినది ఈ చట్టం క్రిందనే. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా ముద్ర కథలలో మిగిలి ఉన్నది. దొంగకు పేరు పెట్టక కులం పేరు పెట్టడం, వాని రక్తమే అంత అనడం ఆ పాత చట్టాన్ని మరల వ్రాయడమే. వైద్యులు చెప్పే రుగ్మత ఒక మనిషిది, కులానిది కాదు.

పాత్రను మలచే తీరు

కనికరం లేమిని వర్ణనలో కంటె చేతలో చూపడం మేలు. గురజాడ కన్యాశుల్కంలో గిరీశం పూటకూళ్లమ్మ సొమ్ము తిని, ఎక్కడికి వెళ్లినా మాటకారితనంతో నెగ్గుకొస్తాడు. అతనికి రోగమని తీర్పు చెప్పనక్కరలేదు. మోసాన్ని మాటల తీరులోనే పట్టించడం ఎలాగో ఆ పాత్ర నేర్పుతుంది.

ఆ మనిషి నీడలో బ్రతికే ఇంటివారిని చూపితే పాత్ర మరింత నమ్మదగినదవుతుంది. ఉదాహరణకు, కరిసల్ నేలలోని ఒక పల్లెలో బావి మోటారును దొంగతనంగా అమ్ముకొన్న చిన్నకొడుకును తీసుకోవచ్చు. పెట్టె తాళాలను నిద్రలో కూడ కొంగుముడి విప్పని తల్లి, కమ్మలు తాకట్టుకు పోగా చెవులకు వేపపుల్లలు పెట్టుకొన్న వదిన, అప్పులవాళ్లకు జవాబు చెప్పలేక సంతకు పోవడం మానిన అన్న. అతడు మాత్రం ఆ వేపపుల్లలను చూచి నవ్వి, అన్నం పెట్టమంటాడు. ఇన్ని చెప్పిన తరువాత అతడు క్రూరుడని వ్రాయవలసిన పని ఉండదు.

అట్టివానిని రాక్షసునిగా మార్చడమూ తప్పే. ఈ రుగ్మత గలవారిలో హంతకులు కొద్దిమందే. పలువురిలో త్రాగుడు కూడా తోడవుతుంది. నడివయసు దాటినాక కొందరిలో దూకుడు తగ్గుతుంది. ఒక్క కన్నీటితోనో, తల్లి చావుతోనో పూర్తిగా మారినట్టు కథ ముగిస్తే అది నిజానికి దూరం.

చదువరులకు ఒక హెచ్చరిక. పై లక్షణాల పట్టికతో ఇంటిలోని మనిషికి రోగం పేరు పెట్టరాదు. ఆ నిర్ణయం మానసిక వైద్యునిది. ఇంటిలో భయపడుతూ బ్రతుకుతున్నవారు 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. గోపల్ల గ్రామం చదివినవారికి దొంగ పేరు కంటె అతని వ్రేలిని విడువని ఆ స్త్రీ ఎక్కువగా గుర్తుంటుంది. కనికరం లేని మనిషిని గురించి వ్రాసే కథ, అతనివలన నష్టపోయినవారిని మరువకూడదు.