కత్తెర మన చేతికి వచ్చేదాకా: వీడియో కూర్పు కథ



2022 జూలై 4న మన భీమవరంలో అల్లూరి సీతారామరాజు 125వ జయంతి సందర్భంగా 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. రాజు తండ్రిగారి ఊరు మోగల్లు ఇక్కడికి దగ్గరే కాబట్టి ఊరంతా పండుగలా ఉంది. ఆ రోజు సభలో గాం మల్లుదొర కుమారుడిని కూడా సత్కరించారు. మల్లుదొర ఎవరో మీలో కొందరికి తెలియకపోవచ్చు. అన్న గంటందొరతో కలిసి మన్యం పోరాటంలో రాజు పక్కన నిలబడి, అండమాన్ జైలుకు వెళ్లి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనవాడు.

ఆ సాయంత్రం మా హాస్టల్ పిల్లలు ఫోన్లలో దాచుకున్న వీడియోలన్నీ కూర్చుని చూశాం. విగ్రహం ఉంది, జనం ఉన్నారు, హెలికాప్టర్ ఉంది. మల్లుదొర కుమారుడు మాత్రం మేము చూసిన ఒక్క వీడియోలోనూ లేరు. ఎవరో కావాలని తీసేశారని అనడం లేదు. గంటల కార్యక్రమాన్ని అర నిమిషానికి కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. పాత సినిమా టైటిల్స్‌లో 'కూర్పు' అని పడేది ఆ పనికే. ఆ పని ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చింది, దానికి ఏ యంత్రాలు కావలసి వచ్చాయి, అది మన చేతికి ఎలా వచ్చింది అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ఫిల్ము, కత్తెర

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అప్పటికే అమెరికాలో మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం పుట్టి ఎనిమిదేళ్లయింది. 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు 24 బొమ్మలు నడవాలి. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు, రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు. తీసిన ఫిల్ము అంతకు ఎన్నో రెట్లు. ఎడిటర్ దాన్ని యంత్రంలో చూస్తూ, గుర్తు పెట్టి, కత్తిరించి, ముక్కకు ముక్క అతికించాలి. రష్ ప్రింటు మీద పని అంతా తేలాకే అసలు నెగటివ్ కత్తిరించేవారు, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే దిద్దుకోలేం.

ఈ యంత్రాలు, గదులు, మనుషులు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లో ఉండేవి. మన కొండల్లోకి కెమెరా వచ్చినా మన బొమ్మ మాత్రం మన దగ్గర ఆగలేదు. 1940లలో హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం రాశారు. అది ఇంగ్లీషు పుస్తకం. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. మన్యం అడవుల్లో తీసినా దాని కూర్పు మాత్రం అడవి దాటాకే జరిగింది. ఆ రోజుల్లో మన పిల్లవాడు ఒకడు ఎడిటర్ కావాలనుకుంటే ముందు మద్రాసు రైలెక్కాలి, తర్వాత ఏళ్ల తరబడి అసిస్టెంటుగా పని చేయాలి.

టేపు, మిక్సింగ్

1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ వీడియో టేపు యంత్రాన్ని బయటపెట్టింది. 1976లో జపాన్ నుంచి వి.హెచ్.ఎస్. క్యాసెట్ వచ్చింది. మా తరానికి గుర్తున్న వీడియో ఆ క్యాసెట్టే. గోదావరి జిల్లాల్లో పెళ్లంటే వీడియో ఉండాల్సిందే. ఫొటో స్టూడియో వాళ్లు ఎడిటింగ్ అనేవారు కాదు, 'మిక్సింగ్' అనేవారు. ఒక వి.సి.ఆర్.లో క్యాసెట్ నడుస్తుంటే, కావలసిన ముక్కను ఇంకో వి.సి.ఆర్.లోకి ఎక్కించాలి. మధ్యలో మిక్సర్ పెట్టి పూలు, హృదయాలు, పేర్లు వేసేవారు.

దీన్ని వరుస పద్ధతి అనవచ్చు. మొదటి ముక్క, దాని తర్వాత రెండోది, అలా చివరిదాకా. పదో నిమిషంలో ఒక ముక్క చొప్పించాలనిపిస్తే అక్కడి నుంచి మళ్లీ ఎక్కించాలి. పైగా కాపీకి కాపీ తీసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది. అందుకే ఆనాటి మన సభల క్యాసెట్లు ఇప్పుడు చూస్తే మనుషుల ముఖాలు కూడా సరిగా ఆనవు.

కంప్యూటర్ వచ్చాక

ఏ ముక్కనైనా ఎక్కడికైనా జరపగలిగే యంత్రం నిజానికి 1971లోనే వచ్చింది. దాని పేరు సి.ఎం.ఎక్స్. 600. ధర సుమారు రెండున్నర లక్షల డాలర్లు, బొమ్మ నలుపు తెలుపు. 1989లో యాపిల్ కంప్యూటర్ మీద నడిచే ఆవిడ్ వచ్చాక సినిమావాళ్లు మెల్లగా అటు మళ్లారు. 1994లో వచ్చిన కమల్ హాసన్ తమిళ చిత్రం 'మహానది'ని ఆవిడ్ మీద కూర్చిన తొలి భారతీయ చిత్రంగా చెబుతారు. 'ది ఇంగ్లిష్ పేషెంట్' చిత్రాన్ని కంప్యూటర్ మీద కూర్చిన వాల్టర్ మర్చ్‌కు 1997లో ఆస్కార్ వచ్చింది.

మామూలు స్టూడియోల దాకా ఆ మార్పు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. 1991లో అడోబీ ప్రీమియర్, 1995లో డి.వి. టేపు, 1999లో ఫైనల్ కట్ ప్రో వచ్చాయి. ఫైర్‌వైర్ తీగతో కెమెరాలోని టేపును నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించవచ్చు. అయితే ఒక గంట డి.వి. టేపుకు సుమారు 13 జి.బి. కావాలి. ఆనాటి ఇళ్లల్లోని కంప్యూటర్లలో ఒక్క పెళ్లి వీడియోతో డిస్కు నిండిపోయేది. మన స్టూడియోల్లో తర్వాత ఎడియస్ బాగా వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ చాలాచోట్ల అదే.

2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.'లో అల్లూరి, కొమురం భీమ్ పాత్రలను మీరంతా చూశారు. కథ కల్పితం. ఆ సినిమా కూర్చిన శ్రీకర్ ప్రసాద్ ఫిల్మును చేత్తో కత్తిరించే రోజుల్లో తండ్రి అక్కినేని సంజీవి దగ్గర పని నేర్చుకున్నారు. కత్తెర పట్టిన మనిషే కంప్యూటర్ మీదకూ వచ్చి నిలబడ్డారు. పనిముట్టు ఎన్నిసార్లు మారినా పని తెలిసినవాడికి చోటు పోదని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

ఈ ప్రశ్న మీలో చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ఫుల్ హెచ్.డి. బొమ్మ ఒక్కదానిలో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లనుకుంటే ఒక్క బొమ్మకే 6 ఎం.బి. పైమాట. సెకనుకు 25 బొమ్మలంటే 155 ఎం.బి. 4కె అయితే దానికి నాలుగు రెట్లు. ఇంత బరువును ఫోన్ మోయలేదు. అందుకని వీడియోను కుదిస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో ఒక బొమ్మను పూర్తిగా దాచి, ఆ తర్వాతి బొమ్మల్లో మారినదాన్ని మాత్రమే దాస్తారు. అందువల్ల ఫైలు చిన్నదవుతుంది. ఎడిటింగ్‌లో మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆగాలంటే మాత్రం కంప్యూటర్ దాని వెనకాల ఉన్నవన్నీ విప్పుకుంటూ రావాలి. పాత ప్రాసెసర్ అక్కడే చతికిలబడుతుంది.

దీనికి సాయంగా 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో విప్పడానికే విడిగా ఒక భాగం పెడుతున్నారు. గ్రాఫిక్స్ కార్డు రంగులు, ఎఫెక్టుల పని చూస్తుంది. తెరిచిన పనంతా ర్యామ్‌లో ఉంటుంది. పాత హార్డ్ డిస్కు సెకనుకు 100 నుంచి 150 ఎం.బి. చదివితే మామూలు ఎస్.ఎస్.డి. సుమారు 500 చదువుతుంది. డబ్బు తక్కువగా ఉంటే ముందు ఎస్.ఎస్.డి., తర్వాత ర్యామ్, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు అన్నది మా అనుభవం.

మేము పోగొట్టుకున్నది

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. 2019లో వేలేరుపాడు వైపు ముంపు ఊరికి చెందిన మా హాస్టల్ అమ్మాయి ఒకామె వేసవి సెలవులకు వెళ్లి, వాళ్ల అమ్మమ్మ పాడిన రేల పాటలను ఫోన్‌లో తీసుకొచ్చింది. 40 నిమిషాలు, సుమారు 5 జి.బి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి అయిదు నిమిషాలకు కుదించాలనుకున్నాం. మా హాస్టల్ కంప్యూటర్‌కు 4 జి.బి. ర్యామే. ఫైలు తెరవగానే ఆగిపోయేది. ఒక స్టూడియోకి ఇచ్చాం. వాళ్లు చక్కగానే చేసిచ్చారు, కాకపోతే పాట వెనకాల వేరే సంగీతం కలిపారు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. ఫోన్ నిండిపోయిందని ఆ అమ్మాయి అసలు వీడియో తీసేసింది. స్టూడియోలోనూ కొన్నాళ్లకు డిస్కు ఖాళీ చేసుకున్నారు.

2022 జూలైలో, విగ్రహం పెట్టిన రెండు వారాలలోపే, గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ ఊరు నీళ్లలో ఉంది. మరుసటి ఏడు అమ్మమ్మ పోయింది. ఆమె గొంతు కావాలని ఆ అమ్మాయి మా దగ్గరకొచ్చి అడిగితే మేము ఇవ్వగలిగింది ఆ అయిదు నిమిషాలే. సంగీతం కింద ఆమె మాటలు సగం వినపడవు. ఆ వెనకాల కనబడే ఇల్లూ ఇప్పుడు లేదు. అసలు దాచమని ఆ అమ్మాయికి చెప్పవలసినది మేమే, చెప్పలేదు.

2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు మీలో కొందరికి ఇలాగే జరిగి ఉంటుంది. యాప్‌లో పెట్టినంత మాత్రాన దాచినట్టు కాదు.

ఇప్పుడు మేము చేస్తున్నది

ఆ తర్వాత అందరం తలా కొంత వేసుకుని పాత కంప్యూటర్‌కు ఎస్.ఎస్.డి. పెట్టించాం, ర్యామ్ పెంచాం. డబ్బు కట్టనక్కరలేని షాట్‌కట్ వేసుకున్నాం. అందులో 'ప్రాక్సీ' అనే ఏర్పాటు ఉంది. పెద్ద వీడియోకు చిన్న నకలు తయారుచేసి, పని నకలు మీద సాగించి, చివర్లో అసలుదానితో పూర్తి చేస్తుంది. వెనకటి రష్ ప్రింటు, నెగటివ్ పద్ధతే ఇది, కత్తెర ఒక్కటే లేదు. కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లోనే కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ లాంటివి వాడుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు డావిన్సీ రిజాల్వ్ కూడా ఉచితంగా దొరుకుతుంది.

మా హాస్టల్ గోడ మీద నాలుగు మాటలు రాసిపెట్టాం. పెద్దవాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే తీయాలి. కొన్ని పూజలు బయటివాళ్లు చూడకూడనివి, అవి తీయవద్దు. అసలు వీడియో రెండు చోట్ల దాచాలి, ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ ఉండాలి. పాట మీద పాట వేయకూడదు.

కిందటి వేసవిలో అదే అమ్మాయి పునరావాస కాలనీకి వెళ్లి, వాళ్ల అమ్మమ్మతో కలిసి పాడిన ఇంకో పెద్దావిడ దగ్గర కూర్చుంది. 52 నిమిషాలు తీసుకొచ్చింది. నాలుగు నిమిషాల వీడియో విడిగా చేశాం. మిగతాది ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా రెండు డిస్కుల్లో దాచాం. మధ్యలో ఆవిడ పాట ఆపి, వెనకటి ఊళ్లో చింతచెట్టు ఏ వైపు ఉండేదో చేత్తో చూపిస్తుంది. సభకు చేసిన వీడియోలో ఆ ముక్క పట్టలేదు. కానీ ఆ ఊరి పిల్లలు వచ్చినప్పుడు మొదట అడిగి చూసేది ఆ ముక్కే.

ఈ సెలవులకు ఇంటికి వెళ్తున్నారు కదా. ముందు ఫోన్‌లో ఖాళీ చేసుకోండి. ఆపై మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి.

జోహార్.