తలపాగానుండి శిరస్త్రాణము వరకు

అనంతపురము పీఠభూమిలో తలమీద గుడ్డ లేకుండ ఎండలోనికి పోవు రైతు అరుదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు ఈ సీమలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. ఇక్కడివారికి నెత్తిన రుమాలు అలంకారము కాదు, అవసరము. నీళ్ల బిందెను నెత్తికెత్తుకొను స్త్రీ ముందుగా గుడ్డను చుట్టి కుదురు చేసికొనును. బిందె బరువు నడినెత్తిపై ఒక్కచోటనే పడక, ఆ కుదురు దానిని తలపై పరచి పంచును. తలను కాచుకొను నేర్పు ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. అయినను మోటారు వాహనమెక్కినపుడు ధరించవలసిన శిరస్త్రాణము, అనగా వాడుకలో హెల్మెట్ అనబడునది, తరచుగా బండి అద్దమునకో హ్యాండిలుకో వ్రేలాడుచు కనబడును. ఎండకు జడిసి గుడ్డ చుట్టుకొన్నవారు దెబ్బకు జడియకపోవుటకు కారణమేమి?

ఈ సీమకు స్వారి పాతదే. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే గుత్తి దుర్గమును ఏలిన కాలమున, అనగా 1776లో హైదరాలీ దానిని వశపరచుకొను వరకు, ఆశ్వికదళమే ఇక్కడి బలము. 1800లో దత్తమండలములు కుంఫిణీ చేతికి వచ్చిన పిదప ప్రధాన కలెక్టరైన థామస్ మన్రో 1807 వరకు గుడారములలో మకాము చేయుచు ఊరూర తిరిగినవాడు. మద్రాసులో గుర్రముపై కూర్చున్న ఆయన విగ్రహమునకు జీను లేదు, రికాబులు లేవు, తలపై టోపీ కూడ లేదు. శిల్పి అట్లు చేసినాడు గాని, స్వారి చేయువారు అనుసరింపదగిన పద్ధతి అది కాదు.

పూర్వపు యోధుల ఇనుప శిరస్త్రాణము కత్తివ్రేటును, బాణమును ఆపుటకు పుట్టినది. కత్తి సన్నని అంచుపై బలమునంతయు కేంద్రీకరించును. గట్టి పదార్థమేదైన దానిని నిలువరింపగలదు. నేలపై పడు తల సంగతి వేరు. ఇక్కడ తెగుట కాదు, వేగముగా పోవుచున్న తల హఠాత్తుగా ఆగుట ప్రమాదము. కేవలము గట్టి ఇనుము తలకు తొడిగినంత మాత్రమున ఆ హఠాత్తుతనము తగ్గదు. ఈ భేదము మానవునకు బోధపడుటకు మోటారు యుగము రావలసివచ్చినది.

ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో వైద్యుడుగా నుండిన ఎరిక్ గార్డనర్, పందెగాండ్ర తల గాయములను చూచి చూచి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టిపరచిన టోపీ నొకదానిని చేయించెను. 1914లో మాన్ దీవి మోటారు సైకిలు పందెములలో దానిని ధరింపక తప్పదని నియమము చేయబడినది. కాని అది పందెగాండ్రకు మాత్రమే. బాటసారికి దానితో పనిలేదనియే లోకము మరి ఇరువది యేండ్లకు పైగా తలచినది.

1935 మే 13వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగమున డార్సెట్ జిల్లాలో ఒక మోటారు సైకిలు అదుపు తప్పినది. ఎదురుగా సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడినవాడు టి. ఇ. లారెన్సు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అరేబియా ఎడారిలో ప్రసిద్ధికెక్కిన ఆ లారెన్సే. తలపై ఏ రక్షణయు లేదు. ఆరు దినములు స్మృతి లేకయే ఉండి మే 19న మరణించెను. అతనిని పరీక్షించిన వైద్యులలో ఆస్ట్రేలియాలో జన్మించిన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఎడారి యుద్ధమును తప్పించుకొన్న మనుష్యుడు ఇంటికి దగ్గరి బాటలో పడి చనిపోవుట ఆయన మనసున నాటుకొన్నది.

తరువాత నాలుగేండ్లకు యుద్ధము వచ్చినది. వార్తలు మోయు సైనికులు దీపములార్పిన దారులలో రాత్రింబవళ్లు మోటారు సైకిళ్లపై తిరుగవలసి వచ్చెను. కెయిర్న్స్ లెక్కలు తీసెను. యుద్ధము మొదలైన నాటినుండి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు నడుపరులు, వెనుక కూర్చున్నవారు మరణించిరి. ఆ మరణములకు అన్నిటికంటె పెద్ద కారణము తల గాయము. ఈ సంగతిని ఆయన 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. అప్పటికి హెల్మెట్ ధరించి గాయపడిన వారిని ఆయన చూచినది ఏడుగురిని మాత్రమే. ఆ ఏడుగురును బ్రతికిరి. ఏడు చిన్న సంఖ్య. ఇంత కొద్దిపాటి ఆధారముతో నిర్ణయము చేయుట తగదని వాదింపవచ్చును. బ్రిటిష్ సైన్యము అట్లు వాదింపలేదు. అదే సంవత్సరము నవంబరులో విధినిర్వహణలోని మోటారు సైకిలు సైనికులందరు హెల్మెట్ ధరించవలెనని ఆజ్ఞ వెలువడినది. 1946లో కెయిర్న్స్ మరల లెక్కలు ప్రకటించునప్పటికి మరణములు తగ్గిన విషయము స్పష్టమైనది.

ఆక్స్‌ఫర్డులో ఆయనతో కూడ పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు హోల్‌బోర్న్, కపాలపు ఆకారములో జిలటిన్ నింపి, దానిని కుదిపి పరిశీలించెను. తల గిరుక్కున తిరిగినపుడు లోపలి మెత్తని పదార్థము పొరలు పొరలుగా జారి చిరుగునని 1943లో తెలిపెను. అనంతపురపు విద్యార్థికి ఇందుకు వేరుశనగకాయ మంచి ఉదాహరణము. బాగుగా ఎండిన కాయను చెవివద్ద ఆడించినచో గింజ లోపల కదలుట వినవచ్చును. పై తొక్క ఆగినను గింజ వెంటనే ఆగదు. మెదడు అంత వదులుగా నుండదు. దాని చుట్టు పొరలును, ద్రవమును కలవు. అయినను కపాలము ఆగిన క్షణమున మెదడు ఇంకను ముందుకు పోవ యత్నించును. అందుచేతనే పుర్రె పగులకయే ప్రాణము పోవుట కలదు.

నేటి హెల్మెట్ రూపము అమెరికాలో తేలినది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోని లాంబార్డ్, రోత్ అనువారి పరిశోధన ఫలితమైన శిరస్త్రాణమునకు 1953లో పేటెంటు లభించెను. అందలి ముఖ్యాంశము పైనున్న గట్టి చిప్ప కాదు, లోపల నలుగు మెత్తని పొర. నేడు ఆ పొరను సాధారణముగా థర్మోకోల్ జాతి పదార్థముతో చేయుదురు. చిప్ప దెబ్బను విస్తారముగా పరచును, బిందె క్రింది కుదురు వలె. పొర నలిగి, తలకు ఆగుటకు కొంత దూరమును, కొంత కాలమును ఇచ్చును. క్రికెట్ ఆటగాడు వచ్చు బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగికొనుట ఇందుకొరకే. నలిగిన పొర తిరిగి లేవదు కనుక, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తదిగా కనబడినను మరల పనికిరాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయదగియున్నది. 1980లో హోసూరులోని టి.వి.యస్. కర్మాగారమునుండి ఇద్దరు కూర్చుండదగిన మోపెడ్ వెలువడిన తరువాత, ఇటువంటి బండ్లు రాయలసీమ పల్లెలలో ఎద్దుబండి పని చాలవరకు అందుకొన్నవి. పాలక్యాన్లు, పశుగ్రాసపు మోపులు, శనగకాయ మూటలు, వాటి నడుమ ఇరుకుకొని బడికి పోవు పిల్లవాడు. నింపాదిగా పోవు ఈ బండికి హెల్మెట్ ఎందుకని పలువురు అడుగుదురు. కాని తల నేలను తాకు వేగము బండి వేగముపై మాత్రమే ఆధారపడి యుండదు. నిలిచియున్న బండిపైనుండి ఒరిగిపడినను, ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడు తల నేలను తాకునప్పటికి గంటకు సుమారు 19 కిలోమీటర్ల వేగము నందుకొనును. ఆ తల 5 మిల్లీమీటర్లలో ఆగినచో, పడిన ఎత్తును ఆగిన దూరముతో భాగింపగా 300 వచ్చును. అనగా తలపై సగటున గురుత్వ త్వరణమునకు 300 రెట్ల త్వరణము పనిచేసినదన్నమాట. హెల్మెట్ పొర 25 మిల్లీమీటర్లు నలిగి ఆపినచో అది 60 రెట్లు మాత్రమే. తొమ్మిదవ తరగతి విద్యార్థి పలకపై చేయగల లెక్క ఇది.

ఎండ బాధను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. రుమాలు గుడ్డలోని చెమట ఆవిరియై తలను చల్లబరచును. హెల్మెట్ లోపల గాలి ఆడదు. థర్మోకోల్ వెలుపలి వేడిని రానీయదు గాని లోపలి వేడిని పోనీయదు కూడ. గాలిరంధ్రములు కొంత ఉపశమనము నిచ్చును, అంతే. అయితే గుత్తినుండి పెనుకొండ మీదుగా బెంగుళూరు పోవు రహదారి, పూర్వము 7వ సంఖ్యగాను, నేడు 44వ సంఖ్యగాను పిలువబడునది, నాలుగు వరుసలై లారీలతో నిండినది. పొలమునుండి వచ్చు మోపెడ్ దానినే దాటవలెను. అనంతపురమునుండి బెంగుళూరునకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరము; మెదడు గాయములో గడియలే విలువైనవి.

చట్టము సంగతి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1961లోను, బ్రిటను 1973లోను మోటారు సైకిలు హెల్మెట్‌ను నిర్బంధము చేసినవి. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నిబంధనలలో 498-ఏ అను నిబంధన ఇట్టిదే. దానిని అజయ్ కాను అను న్యాయార్థి సుప్రీంకోర్టులో సవాలు చేసెను. తన తలను తాను ఎట్లు కాచుకొనవలెనో ప్రభుత్వము చెప్పనేల, ఇది సంచార స్వాతంత్ర్యమునకు భంగము కాదా అనునది వాదము. నిబంధన పౌరుని రక్షణకే గాని స్వేచ్ఛను హరించుటకు కాదని 1988లో కోర్టు దానిని నిలబెట్టెను. 1989లో అమలులోనికి వచ్చిన మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను దేశమంతటికి దీనిని వర్తింపజేసినది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు; అనంతపురపు రుమాలుకు లేదు.

2022లో భారతదేశమున హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మందియని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్క. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. నడుపువాని తలకే హెల్మెట్ చాలునను భావనకు ఈ రెండవ సంఖ్య సమాధానము. ప్రపంచ దేశముల అధ్యయనములను జోడించి 2008లో చేసిన పరిశీలనలో మోటారు సైకిలు హెల్మెట్ మరణమును 42 శాతము, తల గాయమును 69 శాతము తగ్గించునని తేలినది.

పిల్లల విషయములో చట్టము ఆలస్యముగ మేల్కొన్నది. శరీరముతో పోల్చినచో పిల్లవాని తల పెద్దది, పుర్రె పలుచన, మెడ బలహీనము. 2019 సవరణ నాలుగేండ్లు దాటిన ప్రతివారికి హెల్మెట్ అవసరమనెను. 2023 ఫిబ్రవరి 15 నుండి తొమ్మిది నెలలు నిండి నాలుగేండ్ల లోపు శిశువులకు కూడ తలకు సరిపోవు హెల్మెట్, నడుపువానితో బిగించు పట్టీలు, గంటకు 40 కిలోమీటర్లకు మించని వేగము విధింపబడినవి. ఈ చిన్నవారికి తేలికయైన సైకిలు హెల్మెట్‌ను కూడ నియమము అంగీకరించుచున్నది. సైకిలు తొక్కు బాలబాలికలకు మాత్రము మన దేశమున ఇట్టి నిర్బంధము లేదు. విక్టోరియా రాష్ట్రము 1990లోనే దానిని విధించినది. కొనువారు 2021 జూన్ 1 నుండి తప్పనిసరియైన ఐ.యస్.ఐ. గుర్తును చూచుకొనవలెను. పెద్దల హెల్మెట్‌ను పిల్లవాని తలకు పెట్టినచో అది దెబ్బ తగులుటకు ముందే జారిపోవును. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్ పెద్దవారికైనను అంతే.