పదకొండు ఊళ్ల మంచు పరుగు

2015 డిసెంబరులో నెదర్లాండ్స్‌లో సగటు ఉష్ణోగ్రత 9 డిగ్రీలు దాటింది. అప్పటి లెక్కన మామూలుగా 4 లోపే ఉండాలి. చలికాలం అంత వెచ్చగా మొదలైతే ఉత్తరాదిన ఫ్రీస్లాండ్ జనానికి ఒకటే బెంగ: ఈసారీ ఎల్ఫ్‌స్టెడెన్‌టొహ్ట్ లేనట్టే.

గడ్డకట్టిన కాలువల మీద పదకొండు ఊళ్లు చుట్టివచ్చే స్కేటింగ్ పందెం అది. దాదాపు 200 కిలోమీటర్లు. దారి పొడవునా మంచు 15 సెంటీమీటర్ల మందం ఉండాలి. 1909లో మొదలై ఇప్పటికి 15 సార్లే జరిగింది. 1963లో గడ్డకట్టించే గాలుల్లో సుమారు 10,000 మంది బయలుదేరితే, గమ్యం చేరింది 150 మంది కూడా కాదు. 1986లో యువరాజు విలెమ్ అలెగ్జాండర్ మారుపేరుతో స్కేటింగ్ చేశాడు. 1997లో గెలిచింది ఓ రైతు. పండించేది బుల్లి క్యాబేజీలు!

ఆ తర్వాత పందెం లేదు.

అయితే ఎదురుచూపు కొత్తదేం కాదు. 1940, 41, 42ల్లో వరసగా జరిగిన పందెమే 1963 తర్వాత 22 ఏళ్లు ఆగింది. అసలు తిరకాసు చలిని పోల్చే 'మామూలు' అనే కొలతలో ఉంది. వాతావరణ శాఖలు 30 ఏళ్ల సగటును సాధారణం అంటాయి, పదేళ్లకోసారి దాన్ని ముందుకు జరుపుతాయి. ఇప్పటి లెక్క 1991–2020ది. 1963 నాటి చలి అందులో లేదు. కాబట్టి తాత వెచ్చనిదన్న చలికాలం మనవడికి మామూలే.

2012 ఫిబ్రవరిలో ఆశ చిగురించింది కానీ కొన్నిచోట్ల మంచు పలచబడి పందెం ఆగింది. ఆగలేని డచ్చివాళ్లు 1989 నుంచీ ఆస్ట్రియాలోని వైసెన్‌జీ సరస్సుకు వెళ్లి, అక్కడే 200 కిలోమీటర్లూ చుట్టేస్తున్నారు.