సముద్రతీరపు గోల్ఫు మైదానములు

స్కాట్లండు సముద్రతీరమున సెలవులు గడపుచు గోల్ఫు ఆడదలచిన యాత్రికునకు మైదానముల కొరత లేదు. ఏది యెంచుకొనవలెనన్నదే చిక్కు. రుసుము, దూరము, ప్రఖ్యాతి చూచి నిర్ణయించుకొనువారే ఎక్కువ. ఆ నేల ఎవరిది, అది ఆటకెట్లు దక్కినది అని కూడ విచారించినచో ఎంపిక కొంత తేలికపడును.

ఆ దేశమున సముద్రమునకును సాగుభూమికిని నడుమనుండు ఇసుకనేలను లింక్సు అందురు. అది దున్నుటకు పనికిరాదు. అందు వాననీరు నిలువదు. ఉప్పుగాలికి చెట్లు పెరుగవు. గొఱ్ఱెలును కుందేళ్లును మేయుటచే గడ్డి పొట్టిగా నుండును. సేద్యమునకు కొరగాని ఆ నేలయే ఆటకు అనువైనది. గోల్ఫువలనను ఫుట్‌బాలువలనను విలువిద్యాభ్యాసమునకు భంగము కలుగుచున్నదని 1457లో రెండవ జేమ్సు రాజు కాలపు పార్లమెంటు ఆ రెండాటలను నిషేధించెను. అయినను ఆట ఆగలేదు.

ఈ తీరపు మైదానములలో మూడు తెగలను గుర్తింపవచ్చును.

మొదటివి రైల్వే కంపెనీలు సెలవుల బాటసారుల కొరకు ఏర్పరచినవి. 1899లో గ్రేట్ నార్త్ ఆఫ్ స్కాట్లండ్ రైల్వే క్రూడెన్ బే వద్ద హోటలును, దాని చెంతనే గోల్ఫు మైదానమును నెలకొల్పెను. 1906లో గ్లాస్గో అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే టర్న్‌బెర్రీలో అట్టి హోటలునే తెరచెను. నేడు ఆ రెండు చోట్లకును రైలు లేదు. క్రూడెన్ బే హోటలు కూల్చివేయబడినది; మైదానము మిగిలినది. టర్న్‌బెర్రీ మైదానము రెండు ప్రపంచయుద్ధములలోను విమానక్షేత్రమై, పిమ్మట మరల పచ్చబడినది.

రెండవ తెగకు మ్యూర్‌ఫీల్డు ఉదాహరణము. 1744లో లీత్ పట్టణమున 13 ఆటనియమములను వ్రాసిన ఆటగాండ్ర సంఘము 1891లో అచ్చటికి చేరెను. అది సభ్యుల సొత్తు. ఇతరులకు నిర్ణీత దినములందే ప్రవేశము. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు ఆ సంఘము 2017లో గాని సమ్మతింపలేదు.

మూడవది సెయింట్ ఆండ్రూస్. అది మన గ్రామములలోని మేతబీడువంటి ఉమ్మడి నేల. 1552లో ఆర్చిబిషప్పు హామిల్టన్ ఇచ్చిన శాసనము ప్రకారము ఆయనకు అచ్చట కుందేళ్లు పెంచుకొను హక్కును, పౌరులకు పశువులు మేపుకొనుటకును గోల్ఫు ఆడుటకును హక్కును ఉండెను. 1764లో అచ్చటి 22 రంధ్రముల ఆటను 18కి తగ్గించిరి. నేడు లోకమంతట వాడుకలోనున్న లెక్క అదియే. కాని 1797లో పట్టణ పాలకమండలి దివాలాతీసి ఆ నేలను చేజార్చుకొనెను. కుందేళ్ల వ్యాపారులు దానిని ఆక్రమించిరి. కుందేళ్లు త్రవ్విన బొరియలతో మైదానము పాడగుచుండగా ఆటగాండ్రు న్యాయస్థానమునకెక్కిరి. ఆ తగవు రెండు దశాబ్దములు సాగెను. తుదకు 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి ఆ నేలను కొని ఆటకు నిలిపెను. 1894లో పార్లమెంటు చట్టముచే అది మరల పట్టణమునకు చెందినది. 1974 నుండి ఒక ధర్మకర్తల సంస్థ దానిని నిర్వహించుచున్నది.

ఒక్కచోటనే ఆడుటకు వ్యవధి యున్నవారు సెయింట్ ఆండ్రూస్‌నే ఎంచుకొనుట మేలు. అచ్చటి ఓల్డ్ కోర్సులో ఆడుటకు సంఘసభ్యత్వము అక్కరలేదు; పేరు నమోదు చేసికొన్నవారికి చీట్లు వేసి అవకాశము నిత్తురు. చీటీ రానివారు ఆదివారము వరకు ఆగవలెను. ఆనాడు సాధారణముగా ఆట ఉండదు. ఊరివారు కుక్కలను వెంటబెట్టుకొని, పిల్లలతో కూడి ఆ పచ్చికపై షికారు చేయుదురు. పరదేశి కూడ రుసుమేమియు చెల్లింపక వారితో పాటు సముద్రము వరకు నడచి రావచ్చును.