బిగిసిన బోల్టు

తుప్పుపట్టి బిగిసిపోయిన బోల్టు నూడదీయుట అల్పమైన పనిగా తోచును. కాని ఆ పనిని చేయు విధానములో యంత్రయుగపు చరిత్ర కొంత ఇమిడియున్నది.

బోల్టుపై చుట్టుకొనియున్న గాడినే మర యందురు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ల వరకు ప్రతి కార్ఖానాయు తనకు తోచిన కొలతతో మరలు కోసికొనెడిది. ఒక బోల్టు నట్టు వేరొక బోల్టున కెక్కుట అరుదు. యంత్రమును విప్పునప్పుడు ఏ నట్టు ఏ బోల్టునకు జతయో గుర్తుంచుకొనవలసి యుండెను. అట్టి దినములలో బిగిసిన బోల్టును త్రెంపినచో, క్రొత్తజతను చేయించువరకు యంత్రము నిలిచిపోవలసినదే. కావున పనివాని పెట్టెలో పానా, సుత్తులతోపాటు ఓర్పుకూడ నొక పనిముట్టై యుండెను.

1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్లే మరలను నిర్దుష్టముగా కోయు లేతును నిర్మించెను. ఆయనవద్ద పనిచేసిన జోసెఫ్ విట్వర్త్, ఇంగ్లండులోని పలు కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి చూచి, అందరకు నొకే మర యుండవలెనని 1841లో ప్రతిపాదించెను. అందు గాడికోణము 55 డిగ్రీలు. అర అంగుళపు బోల్టున కంగుళమునకు 12 చుట్లు. 1864లో అమెరికాయందు విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణముగల వేరొక మరను ప్రతిపాదించెను. ఆ పద్ధతిలో అర అంగుళపు బోల్టునకు 13 చుట్లు. ఒకదాని నట్టును రెండవదానికి బలవంతముగా నెక్కించినచో నడుమనే బిగిసిపోవును. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల కీ భేదము పెద్ద చిక్కైనది. తుదకు 1948లో బ్రిటను, అమెరికా, కెనడాలు ఏకరూపమైన మరకు సమ్మతించినవి.

ఇక తుప్పు సంగతి. ఇనుము తుప్పుగా మారునప్పుడు మునుపటికంటె నెక్కువ చోటు నాక్రమించును. మరల నడుమనున్న సన్నని సందును నింపి, రెంటిని నొక్కిపట్టును. విడిపించు నుపాయములన్నియు దీనిని బట్టి పుట్టినవే. తొలుత తీగకుంచెతో తుప్పు రాల్చి, కిరసనాయిలువంటి పలుచని నూనె పోసి, ఒక రాత్రి విడువవలెను. చిక్కని నూనె సందులోనికి దిగదు. మరునాడు నట్టు కొకప్రక్క బరువైన సుత్తి నానించి, ఎదుటిప్రక్క చిన్న సుత్తితో తట్టినచో, తుప్పు బీటలువారి నూనెకు త్రోవ యిచ్చును. పిదప సరిగా నమరు పానాతో ముందు కొంచెము బిగించి, ఆపై విప్పవలెను. ఏ దిక్కునకు విప్పవలెనో ముందుగా తెలిసికొనుట మేలు. సైకిలు గల శ్రోతలు గమనింతురు గాక: ఎడమ పెడలు మర తక్కినవానికి వ్యతిరేకముగా తిరుగును. అప్పటికిని కదలకున్న, నూనె నంతయు తుడిచి, నిప్పంటుకొనకుండ జాగ్రత్తపడి, నట్టును వేడిచేయవలెను. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు సడలును.

కడపటి యుపాయము ఉలితో నట్టును చీల్చుట. విట్వర్తునకు పూర్వ మది గొప్ప నష్టము. నేడు ఆ కొలత నట్టు అంగడిలో దొరకును. ఈ సౌలభ్యమే తొందరపాటునకు కారణమైనది. అయితే, బోల్టు నేరుగా యంత్రపు పోతలోనికే దిగియున్నచోట తల త్రెగినచో, ముక్క లోపలనే నిలిచిపోవును. దానిని తొలిచి తీయునపుడు చేయి తప్పినచో పోత చెడును. ఆ పోతకు మారు ఏ అంగడిలోను సులభముగా దొరకదు. అచ్చట నేటి పనివాడును పూర్వపు పనివానివలెనే నూనె పోసి ఒక రాత్రి వేచియుండవలసినదే.